కంపెనీ రైలు, సర్కారు రైలు, మధ్యలో ఒక టికెట్ కౌంటరు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద టీ కొట్టు దగ్గర నిలబడి నేను ముగ్గురు ఆడవాళ్ళకు ఒక మాట చెప్పాను. ముగ్గురూ పైన టికెట్ కౌంటర్లలో కూర్చునేవాళ్ళే. వాళ్ళ నోటి నుంచి ఆ మాట మిగతా స్టేషన్ల కౌంటర్లకు పాకింది. నెల తిరగకముందే బేగంపేట స్టేషన్‌లో ముక్కూమొహం తెలియని ఒకావిడ నా మాటే నాకు వినిపించింది. "ఎవరో లైబ్రరీల మస్తు చదివినాయన చెప్పిండంట సార్, పక్కా అంట" అంది.

ఆ మాట సగం. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. సగం మాటకు పుస్తకం సాక్ష్యం ఉంటుంది, అందుకే అంత దూరం పోయింది. ఇప్పుడు ఒక్కో కౌంటరుకూ వెళ్ళి అద్దం ముందు నిలబడి దాన్ని వెనక్కి తీసుకోవడం నా వల్ల కాదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో ఒక జిరాక్స్ దుకాణంలో బైండింగ్ పని చేస్తాను. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. బైండింగ్‌కు వచ్చే నోట్సులు తిరగేస్తూ తిరగేస్తూ చదువు రుచి పట్టుకున్నాను. కంప్యూటరు కోర్సుల కాగితాలు నాకు కొరుకుడు పడవు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళ చరిత్ర, రాజ్యాంగం మాత్రం అన్నంలా దిగేవి. అవి చాలక పంజాగుట్ట వైపున్న శాఖా గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. పొద్దున పూట నాది. బోరబండలో ఇంటి నుంచి తొందరగా బయలుదేరి, అక్కడ చదువుకుని, అటునుంచి దుకాణానికి పోతాను. పదహారేళ్ళుగా ఇదే వరస.

నాకు ఒక పద్ధతి ఉంది. నచ్చిన పేజీని చేత్తో ఎత్తి రాసుకుంటాను. జిరాక్స్ దుకాణంలో పనిచేస్తూ చేత్తో రాసుకోవడమేమిటని మా ఓనరు నవ్వుతాడు. మిషన్ తీసిన కాగితం మిషన్‌కే గుర్తుంటుంది, చేత్తో రాసింది నాకు గుర్తుంటుంది అని జవాబు చెప్పేవాణ్ణి. ఆ జవాబు మీద నాకు చాలా గర్వం. అట్లా రాసిన లాంగ్ నోట్‌బుక్కులు మా ఇంట్లో బీరువా పైన ముప్పై దాకా ఉన్నాయి.

నా భార్య మెట్రో తెరిచిన ఏడాది నుంచీ అమీర్‌పేట స్టేషన్‌లో టికెట్ కౌంటరులో పనిచేస్తోంది. మాది చర్చి కుటుంబం. పెళ్ళికి ముందు నుంచీ ఆమె చర్చి క్వయర్‌లో పాడేది. కౌంటరుకు వెళ్ళినప్పటి నుంచి ఆదివారం సెలవు ఆమెకు దొరకలేదు. వారానికి ఒక రోజు సెలవు ఉంటుంది గానీ అది ఏ మంగళవారమో ఏ గురువారమో పడుతుంది. ఆదివారం నేను పిల్లలతో ఆరాధనకు పోతే, ఆమె ఆ సమయానికి అద్దం వెనకాల టికెట్లు ఇస్తూ ఉంటుంది.

ఒక పొద్దున లైబ్రరీలో పత్రిక తెరిస్తే మెట్రో రైలును కంపెనీ దగ్గర నుంచి రాష్ట్ర ప్రభుత్వం తీసుకోబోతోందని రాశారు. నా పక్కన కూర్చున్నవాళ్ళు పేజీ తిప్పేశారు. నేను తిప్పలేకపోయాను.

అంతవరకూ నా బుర్రలో రెండే గళ్ళు ఉండేవి. బోరబండ స్టేషన్‌లో ఆగే ఎంఎంటీఎస్ లోకల్ బండి సర్కారు రైలు. నెత్తి మీద నుంచి పోయే మెట్రో కంపెనీ రైలు. ఇది ఎవరి సొమ్మో వాళ్ళ ఇష్టం, అది అందరిదీ. అంత తేలికగా అనుకుని బతికాను. ఆ వారమంతా లైబ్రరీలో మెట్రో చట్టం మీద ఉన్న పుస్తకం పట్టుకుని కూర్చుంటే కాళ్ళ కింద నేల జరిగింది. కంపెనీ తన ఇష్టానికి ఛార్జీ పెంచడానికి లేదట, అందుకు ఒక కమిటీ కూర్చోవాలి. కొత్త దారిలో ప్రయాణికులను ఎక్కించాలంటే భద్రత చూసే కమిషనరు సరే అనాలి. స్తంభాలు దిగిన నేల కంపెనీది కాదు. ఒప్పందం గడువు తీరిన రోజు మొత్తం సర్కారుకు అప్పజెప్పి పోవాలి. కిరాయి ఎంతో చెప్పుకోలేని, ఇంటి కింద జాగా తనది కాని మనిషిని మా బోరబండలో ఎవరూ ఇంటి ఓనరు అనరు. ఇన్నేళ్ళు నేను అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను పాత పుస్తకాలకు పోయాను.

రిఫరెన్స్ బీరువాలో అట్ట ఊడిపోయిన ఒక లావు పుస్తకం ఉంది. నిజాం కాలపు పరిపాలన గురించి. అందులో రైళ్ళ అధ్యాయం తీశాను. ఈ నగరానికి మొదట వచ్చిన రైలును కూడా ఒక కంపెనీ చేతిలోనే, అదీ విదేశీ కంపెనీ చేతిలో, పెట్టారని, నష్టం రాకుండా సర్కారు హామీ ఇచ్చిందని, తరువాత సర్కారే ఆ కంపెనీ దగ్గర నుంచి కొనేసిందని చదువుతుంటే ఆ పత్రికలో వార్తే మళ్ళీ చదువుతున్నట్టుంది. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో పక్కపక్కన రెండు కంపెనీల రైళ్ళు పోటీపడితే, ఇంతకంటే ఎక్కువ వసూలు చేయొద్దు, ఇంతకంటే తగ్గించొద్దు అని సర్కారు మధ్యలో కూర్చుని హద్దులు గీసేదట. నాకు వెంటనే బేగంపేట కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ ఎంఎంటీఎస్ స్టేషనూ మెట్రో స్టేషనూ నడిచిపోయేంత దగ్గర. ఎంఎంటీఎస్ టికెట్ చవక, కానీ బండి ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. మెట్రో నిమిషాల్లో వస్తుంది, జేబు తడుముకోవాలి. రోజూ ఆ రెండింటి మధ్య లెక్కలేసుకుంటూ తిరిగే నేను చరిత్రలోనే తిరుగుతున్నానని ఆ పొద్దున తెలిసింది.

ఎడమ పేజీ కింది భాగంలో నాకు కావలసింది దొరికింది. కంపెనీ రైలు సర్కారు చేతికి వచ్చినప్పుడు కంపెనీ ఉద్యోగులను సర్కారు కొలువులోకి తీసుకున్నారని ఉంది. పేజీ మొత్తం ఎత్తి రాశాను. ఆఖరి వాక్యం రాస్తుండగా అటెండరు ఫ్యాన్లు ఆపేసి, "ఇగ లేవుండ్రి సార్, తాళమెయ్యాలె" అన్నాడు. పుస్తకం మూసి ఇచ్చేశాను.

ఆ మధ్యాహ్నమే టీ కొట్టు దగ్గర నోట్‌బుక్కు తెరిచాను. నా భార్య, ఆమెతో పాటు షిఫ్టు దిగిన ఇద్దరు. ఒకామెది ఎర్రగడ్డ, నన్ను అన్నా అంటుంది, నోటికి భయం లేదు. ఇంకొకావిడ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది, మాట నెమ్మది. నేను పాఠం చదివినట్టు పేజీ మొత్తం చదివాను.

ఎర్రగడ్డ ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. "అన్నా, జర మన భాషల చెప్పు. గవర్నమెంటు కొంటే మేం గవర్నమెంటోళ్ళమా, కాదా?"

"అయినట్టే."

"అయినట్టేనా, అయినమా?"

"ఆయనకు అడ్డం ప్రశ్నలెయ్యకే, కోపమొస్తది" అని నా భార్య నవ్వింది. "ఇంట్ల గూడ గిట్లనే. కూరల ఉప్పు ఎక్కువైందంటే ఉప్పు చరిత్ర చెప్తడు."

"చెప్పనియ్. రేపు నేను గవర్నమెంటు మేడమ్ అయితే మా అత్తను ముందు క్యూల నిలవెడ్త."

అందరం నవ్వాం. కోస్తా ఆవిడ మాత్రం నోట్‌బుక్కు వైపే చూస్తూ ఉంది. "అన్నయ్యగారూ, ఆ పుస్తకంలో ఇంకేమన్నా రాశారాండీ? షరతులూ అవీ?"

"అంతేనమ్మా. ఉన్నదంతా ఎత్తి రాశాను" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగానే అట్లా అనుకున్నాను. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడడం లేదు.

అప్పటికి నా భార్యకు పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరులో ఉద్యోగం దాదాపు ఖాయమై ఉంది. మధ్యలో మనుషులను పంపే ఏజెన్సీ లేదు, నేరుగా ఆసుపత్రి మనిషిగా తీసుకుంటామన్నారని ఆమె చెప్పింది గానీ, ఆ మాట నేను పట్టించుకోలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆదివారం సెలవు. ఆ మాట విని వచ్చిన రోజు ఆమె వంట చేస్తూ పాడింది. శుక్రవారం లోపల వస్తానో రానో ఫోన్ చేసి చెప్పాలి.

"ఏం చేద్దాం?" అని అడిగింది.

"సర్కారు కొలువు గుమ్మం దాకా వస్తుంటే ఆసుపత్రికి పోతావా? ఇంకొన్ని నెలలు ఓపిక పట్టు" అన్నాను.

"ఆదివారం?"

"సర్కారు వచ్చినంక అన్నీ అడగొచ్చు."

ఆమె తోముతున్న గిన్నె కడిగి బోర్లించింది. తరువాత, "నువ్వు చదివినవు కదా. నువ్వెట్లంటే గట్లనే" అంది. శుక్రవారం ఫోన్ చేసి రానని చెప్పేసింది.

తరువాతి వారం, శనివారం పొద్దున, మిగతా అధ్యాయం కూడా ఎత్తి రాద్దామని మళ్ళీ ఆ లావు పుస్తకం తెరిచాను. నేను రాసిన ఎడమ పేజీ, దాని ఎదురుగా కుడి పేజీ. కుడి పేజీ మొదటి వాక్యాలు చదివాను. కంపెనీ జాబితాలో పేరున్నవాళ్ళకే అది వర్తించిందట. గుత్తేదార్ల కింద మూటలు మోసినవాళ్ళు, బొగ్గు ఎత్తినవాళ్ళు, పట్టాల పక్కన కంకర కొట్టినవాళ్ళు ఆ లెక్కలో లేరు. వాళ్ళు మునుపటిలాగే గుత్తేదారు మనుషులుగానే ఉండిపోయారు.

రెండోసారి చదివాను. పుస్తకాన్ని మిషన్ మీద బోర్లించి జిరాక్స్ తీస్తే రెండు పేజీలూ ఒకే కాగితం మీద పడతాయి. మా దుకాణంలో పెన్ను పట్టడం రానివాడికి కూడా ఆ రోజు రెండు పేజీలూ దక్కేవి. చేత్తో రాసుకున్న నాకు ఒకటే దక్కింది.

నా ఎదురుగా రోజూ కూర్చునే ఒక పెద్దాయన ఉన్నాడు. ఏదో ఆఫీసులో లెక్కల పని చేసి రిటైరయ్యాడు. నా మొహం చూసి, "ఏమైంది తమ్మీ, నీళ్ళు తాగుతవా?" అన్నాడు. పుస్తకం ఆయన వైపు తిప్పి విషయం చెప్పాను.

ఆయన చదివి కళ్ళద్దాలు తీశాడు. "పాతది పక్కన పెట్టు. ఇప్పటిది నీకు అర్థమైందా? సర్కారు కొంటున్నది ఆ కంపెనీ వాటాలు. రైలు కాదు, పట్టాలు కాదు, మనుషులు అసలే కాదు. వాటాలు చేతులు మారినంక సుత కంపెనీ గదే కంపెనీ. దాని ఒప్పందాలు గవే. పొద్దుగాల బండి గదే టైముకు వస్తది. మీటింగుల కుర్చీలల్ల కూసునేటోళ్ళు మారుతరు, గంతే."

"మరి పనిచేసేవాళ్ళు?"

"ఎవరి కింద చేస్తున్నరో వాళ్ళ కిందనే. మీ ఆవిడ మెడల కార్డు మీద ఎవరి పేరున్నది?"

"కంపెనీదే. రైలు బొమ్మ ఉంటుంది."

"ముందు దిక్కు సరే. ఎనక?"

నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆ కార్డు మా ఇంట్లో తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది. పల్లీలు చుట్టిన కాగితం కూడా విప్పి చదివే మనిషిని, నా భార్య కార్డు వెనకవైపు ఒక్కసారి తిప్పి చూడలేదు.

స్టేషనుకు పోయాను. షిఫ్టులో ఉండగా కౌంటరు వదిలి రావడానికి లేదు, ఫోను లోపల పెట్టుకోవడానికి లేదు. అందుకని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఆమె కార్డు తాడు మెలితిరిగి వెనకవైపు పైకి ఉంది. అద్దంలోంచి చదివాను. చిన్న అక్షరాల్లో ఒక ఏజెన్సీ పేరు, దాని కింద ఈ కార్డు ఉన్నవారు ఆ ఏజెన్సీ మనుషులని ఒక వాక్యం.

"నేను తప్పు చదివిన" అన్నాను.

అద్దం దగ్గర మైకు ఉంటుందని మరిచిపోయాను. నా మాట లోపల స్పీకరులో గట్టిగా మోగింది. పక్క కౌంటరులో ఉన్న ఎర్రగడ్డ ఆమె తల తిప్పి చూసింది.

"ఎక్కడికి?" అంది నా భార్య, అందరినీ అడిగినట్టే.

"ఆ పుస్తకంల ఇంకో పేజీ ఉన్నది. మీరు లెక్కల లేరు. ఆసుపత్రి వాళ్ళకు మళ్ళ ఫోన్ జెయ్యి."

ఆమె వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. "ఇప్పుడా చెప్పేది? ఆడ ఇగ..."

"అన్నా, లవ్ స్టోరీ ఇంటికాడ పెట్టుకోరాదు! బండి పోతున్నది" అని వెనక నుంచి ఎవరో అరిచారు. వరసంతా నవ్వింది.

"పంజాగుట్ట ఒకటి" అన్నాను. టికెట్ చేతిలో పెట్టింది. నా మొహం చూడలేదు.

ఒకటే స్టేషను దూరం. ఆ రెండు నిమిషాలూ ఆసుపత్రివాళ్ళతో ఏం మాట్లాడాలో కూర్చుకున్నాను. తప్పంతా నాదని, ఆమెకు రావాలనే ఉందని, పోస్టు ఇంకా ఖాళీగా ఉంటే ఈ రోజే వస్తుందని. ఆసుపత్రిలో అడుగుపెట్టి బిల్లింగ్ ఎక్కడని అడిగాను. చూపించారు. మళ్ళీ ఒక అద్దం, దాని వెనక కొత్త యూనిఫారంలో కోస్తా ఆవిడ.

"అన్నయ్యగారూ! మీరేంటండీ ఇక్కడ? ఒంట్లో బాలేదా?"

బాగానే ఉందని తల ఊపాను.

"మీ ఆవిడే నంబరిచ్చి పంపించారండీ. మాకు ఎలాగూ గవర్నమెంటు వస్తుంది, నీకు అంత ఓపిక లేదంటున్నావుగా, నువ్వెళ్ళు అన్నారు. సోమవారం చేరానండీ. చెప్పలేదా మీకు?" తరువాత గొంతు తగ్గించింది. "నాకు ఆ రోజే డౌటొచ్చిందండీ, షరతుల సంగతి. మీరు అంత చదివినవాళ్ళు, ఎదురు చెప్పడం ఏం బాగుంటుందిలే అని ఊరుకున్నాను."

ఆ చివరి మాట దగ్గర నేను అద్దం అంచు పట్టుకున్నాను. నా చదువు చూసి ఒక మనిషి తన సందేహాన్ని దాచుకుంది. దాచుకున్న సందేహమే ఆమెను కాపాడింది. పైకి చెప్పి ఉంటే నా భార్యను కూడా కాపాడేది.

"ఊరికే, కొత్త ఉద్యోగం కదా, ఒకసారి చూసి పోదామని వచ్చానమ్మా" అన్నాను. ఆమె సంతోషపడి కుర్చీలోంచి లేచి దండం పెట్టింది. ఆమె కూర్చున్న కుర్చీ గురించి బతిమాలడానికి వచ్చానని ఎట్లా చెప్పను?

షిఫ్టు దిగే సమయానికి తిరిగి వచ్చి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. నా భార్య మెట్లు దిగి వచ్చింది.

"ఆమె చేరిందని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పిన. సోమవారం నాడు, అన్నం పెట్టుకుంట చెప్పిన. ఊ అన్నవు. నోట్‌బుక్కుల ఉన్నవు."

నాకు ఆ మాట విన్న గుర్తే లేదు. పుస్తకంలో ఉన్నది మాత్రం వాక్యంతో సహా గుర్తుంది.

జరిగిందంతా చెప్పాను. కుడి పేజీ, వాటాలు, కార్డు వెనకవైపు. ఆమె కార్డు తిప్పి తాను కూడా చదువుకుంది. "ఇది నేను ఏడాదికోసారి సంతకం పెట్టి తీసుకుంట. నన్నడిగితే చెప్తుంటి కదా ఎవరి మనిషినో. పుస్తకాన్ని అడిగినవు గానీ నన్నడగలే." కార్డు సంచిలో పెట్టుకుంటూ అంది, "పాస్టరయ్యగారు ఎన్నిసార్లు చెప్పిండు? ముందు వచనం, వెనక వచనం చదవకుండ వాక్యం చెప్పొద్దని. ఆదివారం ఆదివారం నువ్వే పోయి ఇన్నవు. నేను ఈడ కూసున్న."

నేను రెండు టీలు చెప్పాను.

ఎర్రగడ్డ ఆమె కూడా దిగి వచ్చింది. పైన మైకులో విన్నది పూర్తిగా అడిగి తెలుసుకుంది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె తిట్టలేదు. "అన్నా, గీ ముచ్చట నేను మియాపూర్ దాంక చెప్పిన. ఎల్బీనగర్ దాంక పోయింది. ఇప్పుడెట్ల?" అంది. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

"రాయి" అంది నా భార్య. "మొత్తం రాయి. సగం రాస్తే నేనే చింపుతా."

అందుకే కౌంటర్లలో ఉన్న చెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు సూటిగా చెప్తున్నాను. ప్రైవేటు రైలు మీద సర్కారుకు ఎంత అధికారం ఉందో చదివి నేను నోరు తెరిచాను. ఛార్జీ దాని చేతిలో, నేల దాని చేతిలో, చివరికి కంపెనీ కూడా దాని చేతిలోకి రాబోతోంది. అంత అధికారంలో మీ కోసం ఏదైనా ఉందా అన్నది నాకు తెలియదు. నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు. ఉండవచ్చు, అడగండి, అందరూ కలిసి అడగండి. జవాబు కాగితం మీద వచ్చేదాకా చేతికి వచ్చిన ఉద్యోగాన్ని నా మాట మీద వదులుకోకండి.

ఇది రాయడంలో సాయపడినవాళ్ళ పేర్లు రాసి దండం పెట్టాలని ఉండింది. ఉద్యోగాల సంగతి కాబట్టి పేర్లు వద్దన్నారు. అడగగానే ఆ లావు పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ తీసి ఇచ్చిన లైబ్రరీ మేడమ్‌గారికి, వాటాల సంగతి మూడుసార్లు ఓపికగా విడమరిచిన పెద్దాయనకు, ఈ కాగితాలను డబ్బు తీసుకోకుండా కాపీలు చేసుకోమన్న మా ఓనరుకు, వాటిని స్టేషను స్టేషనుకూ చేరవేస్తున్న ఎర్రగడ్డ చెల్లెకు కృతజ్ఞతలు. కోస్తా ఆవిడకు అసలు సంగతి ఈ కాగితం ద్వారానే తెలుస్తుంది. అమ్మా, ఆ కుర్చీ మీదే. ఇబ్బంది పడకండి.

ఆఖరున నా భార్యకు. ఆమె ఇంకా అదే కౌంటరులో ఉంది, రేపు ఆదివారం కూడా షిఫ్టే. ఇది మొత్తం చదివింది. ఆ రోజు టీ కొట్టు దగ్గర ఆమె ఏడ్చిందని నేను రాసిన చోట గీత కొట్టి, "ఏడ్వలే. కోపమొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాయి" అంది. ఆ వాక్యం తీసేశాను.